పదిహేడో నంబరు తుపాకీ చంపిన శత్రువులు

మా జిల్లాలో ఇంతవరకు యుద్ధం ఎందుకు జరగలేదో పదిహేను రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలని రాజధాని నుంచి కాగితం వచ్చింది.

అది నా టేబిలు మీదికే వచ్చింది. నేను కలెక్టరాఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఇరవయ్యారేళ్లుగా కమిటీలకి మినిట్స్ రాయడం నా పని. తాగునీటి కమిటీ, వీధికుక్కల కమిటీ, కమిటీల సంఖ్య తగ్గించే కమిటీ, అన్నిటికీ నేనే రాశాను. మీటింగులో ఎవరు ఏం మాట్లాడినా, చివరికి జరిగినట్టు లెక్క నేను రాసిందే. ఈ మాట గర్వంగా చెప్పడం లేదు అనుకోకండి, గర్వంగానే చెబుతున్నాను.

సంగతేమిటంటే, ఆ ఏడాది 'యుద్ధస్మృతి మదింపు పథకం' అని ఒకటి పుట్టింది. ప్రతి జిల్లా, యుద్ధంలో పాల్గొన్న ఆయుధం ఒక్కటైనా వెతికి పట్టుకోవాలి. దాని చరిత్ర తేల్చి, జత చేసిన పట్టిక ప్రకారం విలువ కట్టి పంపాలి. పక్క జిల్లావాళ్లు స్కూలు ఆవరణలో మేకలు కట్టేసుకునే ఫిరంగిని పైకి లేపి, పంపి, శాలువాలు కూడా కప్పించుకున్నారు. మా రికార్డులన్నీ తిరగేస్తే శిస్తు బకాయిలు తప్ప మరో పోరాటం కనిపించలేదు.

అదనపు కలెక్టరు వైకుంఠరావుగారు అధ్యక్షులుగా కమిటీ వేశారు. సాయుధ పోలీసు దళం నుంచి రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ భూషణంగారు సభ్యులు. రాజధాని నుంచి డాక్టర్ త్రిలోచన్ అనే నిపుణుడు దిగాడు. ఆయన మెడలో భూతద్దం వేలాడుతూ ఉండేది. భోజనం చేసేటప్పుడు కూడా తీసేవాడు కాదు.

నలుగురం కలిసి పోలీసు లైన్లలో ఉన్న ఆయుధాల గదికి వెళ్లాం. అక్కడ స్టాండులో ఇరవై నాలుగు పాత త్రీ నాట్ త్రీ తుపాకులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటికి కాలం చెల్లిందని, వాటిని కరిగించేందుకు పంపమని ఆర్డరు వచ్చి ఆరు నెలలైంది. వాటి పక్కన హెడ్ కానిస్టేబుల్ దాలినాయుడు అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. ఆయనా ఆ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. తుపాకులు అప్పజెప్పి, తాళాలు ఇచ్చేసి, సంతకం తీసుకుంటే ఆయనకి విముక్తి. విజయనగరం దగ్గర పల్లెటూరివాడు. ఉద్యోగం కోసం, బస్సులో ఆరు గంటల దూరాన ఉన్న మా ఊళ్లో స్థిరపడ్డాడు.

డాక్టర్ త్రిలోచన్ పదిహేడో నంబరు తుపాకీ దగ్గర ఆగిపోయాడు. భూతద్దం పెట్టి, తుపాకీ వెనకవైపు కర్ర మీద వేలు జరుపుకుంటూ లెక్కపెట్టాడు.

"ఇరవై మూడు గాట్లు!" అన్నాడు. "మహాసంగ్రామంలో సైనికుడు ఒక్కొక్క శత్రువును సంహరించినప్పుడల్లా ఒక్కొక్క గాటు పెట్టుకునే సంప్రదాయం జగద్విదితం. ఇదిగో, కర్రలోకి ఇంకిన ఈ అరుణవర్ణం చూడండి. ఇది రుధిరం. ఇక్కడ లోతుగా సొట్టలు. గుళ్లు అయిపోయాక తుపాకీ తిరగేసి ముఖాముఖి పోరాడిన ఆనవాళ్లు."

వైకుంఠరావుగారు జేబులోంచి పట్టిక తీశారు. అందులో అంతా స్పష్టంగానే ఉంది. చరిత్ర లేని తుపాకీకి ఇనుము తూకం ధర. యుద్ధంలో పాల్గొంటే లక్ష. రక్తం అంటితే మరో లక్ష. ముఖాముఖి పోరుకి ఇంకో లక్ష. చచ్చిన శత్రువు ఒక్కింటికి లక్షన్నర.

"ముప్పై ఏడున్నర లక్షలు," అన్నారాయన. పరాయి దేశంలో చదువుకునే బిడ్డ మార్కులు విన్నంత ఆనందం ఆయన మొహంలో కనిపించింది.

దాలినాయుడు గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాటండి బాబూ. అది రగతం కాదండి, కుంకం. ఏటా దసరాకి ఆయుధపూజ సేత్తాం కదండి. అన్నిటికీ పసుపు రాసి బొట్లెడతాం. మరి ఇక్కడ రాయి నేదండి. అందుకని పదిహేడుతోటే కొబ్బరికాయ కొట్టీవోణ్ణి. ఆ సొట్టలు అవేనండి."

"మరి గాట్లు?" అన్నాను నేను, అనకుండా ఉండాల్సింది.

ఆయన కాస్త తడబడ్డాడు. "అయీ నానే పెట్టేనండి. దసరాకి తుపాకులన్నీ బందోబస్తుకి ఎల్తాయి. మళ్లీ అన్నీ తిరిగొచ్చి, నూనె రాసి లోపలెట్టేదాకా తాళం వొదిలి కదలకూడదు. ఈలోగా దసరా ఎల్లిన మంగళారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం, అదేనండి, పొడుగాటి మాను సివర పూజారిని కూకోబెట్టి ఊరేగించీది, అయిపోద్ది. నాను ఎల్లలేని దసరాకల్లా ఒక గాటెట్టేను. మా ఊరి పండగ సూసి ఇరవై మూడేళ్లయిపోనాది బాబూ. ఈ యేడు రిటైరయిపోతన్నాను, మా ఇంటిదాన్ని తీసుకుని ఎల్తానని మాటిచ్చేను."

డాక్టర్ త్రిలోచన్ జాలిగా నవ్వాడు.

"సంరక్షకులు ఇలా ఇంటికథలు అల్లుకోవడం సహజం. దీనిని పరిశీలనలోకి తీసుకోలేం. వీరి వద్ద గాట్లకు రసీదులున్నాయా?"

లేవు. మాట చెల్లలేదని నేను రాసుకున్నాను.

న్యాయంగా ఉండాలని ఎర్ర మరకని గోకి ప్రయోగశాలకి పంపాం. వారం రోజుల్లో జవాబు వచ్చింది. రక్తం ఆనవాళ్లు లేవనీ, పసుపు, సున్నం, కొంచెం కొబ్బరిపీచు ఉన్నాయనీ రాశారు. కుంకుమ అంటే పసుపూ సున్నమూ కదా, దాలినాయుడు మొహం వెలిగింది. డాక్టర్ త్రిలోచన్ మొహం అంతకంటే వెలిగింది.

"పసుపు, సున్నం దేనికి వాడతారు? గాయానికి. గాయం ఉందంటే రక్తం ఉన్నట్టే. పోతే కొబ్బరిపీచు! యుద్ధం తీరప్రాంతంలో జరిగిందన్నమాట. ఇది కొత్త సమాచారం."

కమిటీ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, మిగతావాళ్లు కొడుతుంటే ఊరికే కూచోవడం బాగుండదు.

ఇంకొక చిన్న చిక్కు మిగిలింది. తుపాకీ గొట్టం మొదట్లో, ఇనుప పట్టీ మీద మన మూడు సింహాల ముద్రా, దాని కింద 1953 అనే అంకెలూ ఉన్నాయి. డాక్టర్ త్రిలోచన్ ఈ తుపాకీ పోరాడినట్టు నిర్ణయించిన యుద్ధం 1917లోది. ఈ సంగతి భూషణంగారు భయపడుతూనే కదిపారు. ఇంగ్లండు రాజచిహ్నంలోనూ మూడు సింహాలే ఉంటాయని నిపుణుడు తేల్చేశాడు. 1953 సంగతి వైకుంఠరావుగారే చూసుకున్నారు.

"యుద్ధ చరిత్రకు సూత్రప్రాయంగా ఆమోదం లభించి ఉన్నందున, సదరు సంవత్సరమును స్టాండు క్రమసంఖ్యగా భావించవలెను," అని చెప్పి రాయించారు.

స్టాండులో ఉన్నవి ఇరవై నాలుగే కదా అని ఎవరూ అడగలేదు.

ఆ రోజు మీటింగు అయ్యేసరికి వరండాలో దాలినాయుడు భార్య సన్యాసమ్మ నిలబడి ఉంది. చేతిలో భర్త క్యారియరు. ప్యూను ఆపుతున్నా వినకుండా లోపలికి వచ్చేసింది.

"ఎవరమ్మా మీరు?" అన్నారు వైకుంఠరావుగారు.

"నాను సాచ్చినండి," అంది. "ఆ ఇరవై మూడు దెబ్బలూ ఎవులికి తగిలేయో ఎవులూ అడగరేటండి? నాకు తగిలేయి. ఏటేటా సిరిమాను కాడ జనంలో ఒక్కద్దాన్నే నిలబడ్డాను. మీ ఆయనేడీ అని మా వదినలడిగితే, తుపాకీ కాడ ఉన్నాడనీదాన్ని. ఈ యేడు ఆయన్ని ఒగ్గీయండి బాబూ, మీకు పున్నెముంటాది."

పెన్ను కింద పెట్టాను. కానీ డాక్టర్ త్రిలోచన్ అప్పటికే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"గాయపడిన పక్షం నుంచి సాక్షి లభించడం ఈ పథకంలో ఇదే మొదటిసారి!" అన్నాడు.

ఆ సాక్ష్యాన్ని శత్రుపక్షం వాంగ్మూలంగా రాసుకోమన్నారు. రాసుకున్నాను. సన్యాసమ్మ క్యారియరు బల్ల మీద పెట్టి, నా మొహంలోకి ఒకసారి చూసి వెళ్లిపోయింది.

విలువ ఖాయమయ్యాక అసలు కథ మొదలైంది. పది లక్షలు దాటిన ప్రభుత్వ ఆస్తికి మూడు షిఫ్టుల్లోనూ సాయుధ కాపలా ఉండాలని రూలు. పదిహేడో నంబరుకి కాపలాగా ఒక కానిస్టేబుల్‌ని పెట్టారు. కొత్త తుపాకులన్నీ బందోబస్తుల్లో ఉన్నాయి కనుక అతనికి పద్దెనిమిదో నంబరు ఇచ్చారు. తనిఖీకి వచ్చిన డాక్టర్ త్రిలోచన్ ఆ కానిస్టేబుల్ భుజం మీదున్న తుపాకీని భూతద్దంలోంచి చూశాడు. దానికీ ఎర్ర మరక ఉంది. పూజ అన్నిటికీ చేశారు కదా మరి.

"ఇదీ అదే యుద్ధంలో పాల్గొన్నది," అన్నాడు.

గాట్లు లేవు కాబట్టి శత్రువులని చంపకుండా పక్కన నిలబడి ధైర్యం చెప్పిందని తేల్చారు. పట్టికలో 'నైతిక మద్దతు' అనే పద్దు కింద దానికీ పదకొండు లక్షలు పడ్డాయి. పది దాటింది కనుక పద్దెనిమిదికి కాపలా కావాలి. ఆ కాపలావాడికి పంతొమ్మిదో నంబరు ఇచ్చారు. దానికీ మరక ఉంది.

నెల తిరక్కుండా ఇరవై నాలుగు తుపాకులూ వీరగాథలైపోయాయి. షిఫ్టుకి ఇరవై నలుగురు చొప్పున డెబ్బై ఇద్దరు జవాన్లు ఒకరి తుపాకీని ఒకరు కాపలా కాస్తున్నారు. చివరివాడికి తుపాకీ మిగలక లాఠీ ఇచ్చారు. ఆ లాఠీకీ ఆయుధపూజలో బొట్టు పెట్టారు. డాక్టర్ త్రిలోచన్ ఎప్పుడొచ్చినా ఆ కుర్రాడు లాఠీని వీపు వెనక దాచుకునేవాడు. ఊళ్లో దొంగతనాలు జరిగితే జనం ఆయుధాల గదికే వచ్చి ఫిర్యాదు చేసేవారు, పోలీసులందరూ అక్కడే దొరుకుతున్నారు కనుక.

దాలినాయుడి గడువు దగ్గరికొచ్చింది. తుపాకులు ఎవరికైనా అప్పజెప్పాలి. ముప్పై ఏడున్నర లక్షల వస్తువుని సంతకం పెట్టి తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఒక్క మరక చెరిగినా లక్ష పోతుంది. భూషణంగారైతే ఆయుధాల గది వైపు నడవడమే మానేశారు. పైగా గాట్లు తానే పెట్టానని దాలినాయుడు నలుగురిలో చెప్పి ఉన్నాడు. అది నిజమైతే వారసత్వ సంపదని పాడుచేసినందుకు ఛార్జి మెమో ఇవ్వాలి. ఛార్జి మెమో ఉంటే రిలీవ్ చెయ్యరు, పెన్షను కదలదు.

ఆయన్ని నా సెక్షనుకి పిలిచి నేనే నచ్చజెప్పాను. ఆ పాపం నాదే.

"ఒక్క అఫిడవిట్టు రాసిచ్చెయ్యి నాయుడూ. ఈ తుపాకీ బాధ్యత, దాని సంప్రదాయ పూజ మొదట్నుంచీ నీవేననీ, ఆ ఇరవై మూడు గాట్లూ శత్రువులవేననీ రాయి. ఛార్జి మెమో ఉండదు. కమిటీయే తుపాకీని తీసుకుంటుంది. ముప్పయ్యో తారీఖున బస్సెక్కెయ్యి."

"అబద్దం రాయమంతారేటి బాబూ? యూనిఫారం మీదుండి?"

"కమిటీ ఆమోదించాక అది అబద్ధం కాదయ్యా."

ఆయన కాగితం ముందుకి లాక్కున్నాడు. "సిరిమానుకి తీసుకెల్తానని మాటిచ్చేను," అని గొణిగి సంతకం పెట్టాడు.

ముప్పయ్యో తారీఖు సాయంత్రం దండ వేసి, గోడగడియారం ఇచ్చి, ఆయన్ని రిటైరు చేశారు. ఒకటో తారీఖు పొద్దున్నే వైకుంఠరావుగారు పథకంలో తొమ్మిదో పేరా చదివారు. ఇరవై మందికి మించి శత్రువులని సంహరించిన ఆయుధానికి ఏటా సంప్రదాయబద్ధంగా పూజ జరగాలి. పూజ, ఆ సంప్రదాయం తెలిసిన సంరక్షకుడి చేతుల మీదుగానే జరగాలి. ఆ సంప్రదాయం తెలిసినట్టు అఫిడవిట్టు ఇచ్చినవాడు రాష్ట్రం మొత్తం మీద ఒక్కడే. మధ్యాహ్నానికల్లా దాలినాయుడిని సంప్రదాయ సంరక్షకుడిగా ఒక ఏడాదికి తిరిగి నియమిస్తూ ఆర్డరు తయారైంది. కాదంటే అఫిడవిట్టు అబద్ధమని ఒప్పుకున్నట్టు భావించబడును, అని కింద ఒక వాక్యం కూడా ఉంది. ఆ వాక్యం రాసింది నేనే. చెప్పి రాయించారు, రాశాను.

ఆర్డరు తీసుకుని ఆయన ఇంటికి వెళ్లడానికి నాకు సిగ్గేసింది, ప్యూనుతో పంపాను. గుమ్మంలో సర్దిన పెట్టెలున్నాయనీ, సన్యాసమ్మ కాగితం తీసుకుని తలుపేసుకుందనీ ప్యూను వచ్చి చెప్పాడు. ఏదైనా తిట్టి ఉంటే బాగుండేది.

దసరా నాడు పూజ ఘనంగా జరిగింది. కొబ్బరికాయ కొట్టడానికి ఈసారి రాయి తెప్పించారు. మర్నాడు పొద్దున సంవత్సరాంత మదింపు కోసం కమిటీ సమావేశమైంది. డాక్టర్ త్రిలోచన్ గాట్లు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"ఇరవై నాలుగు," అన్నాడు.

మూలన దాలినాయుడు అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఆయన చొక్కా జేబులోంచి చిన్న ఆకురాయి పిడి బయటికి కనిపిస్తోంది. నాకు తప్ప ఎవరికీ కనిపించలేదు, మిగతావాళ్లు విలువ లెక్కలో ఉన్నారు.

"ముప్పై తొమ్మిది లక్షలు," అన్నారు వైకుంఠరావుగారు. అంతలోనే కంగారు పడ్డారు. "అంటే నిన్న ఇక్కడ శత్రువు చచ్చాడా? శవమేదీ?"

"పారిపోయుంటాడండి," అన్నారు భూషణంగారు.

"చచ్చినవాడు ఎలా పారిపోతాడయ్యా? డెబ్బై ఇద్దరు కాపలా ఉన్నారు, ఒక్కడూ చూడలేదా?"

"వాళ్లందరూ తుపాకుల వైపే చూస్తున్నారండి. ఆర్డరు అదే కదండి."

శత్రువు మిక్కిలి శిక్షణ పొందినవాడని తీర్మానించారు. గాటుని కాదంటే పాత ఇరవై మూడింటి మీదా అనుమానం వస్తుందని డాక్టర్ త్రిలోచన్ హెచ్చరించాడు. అప్పుడు, ఇరవయ్యారేళ్లలో మొదటిసారి, నేను ఎవరూ అడక్కుండా నోరు విప్పాను.

"పద్నాలుగో పేరా కూడా ఉందండి. ఆయుధంతో శత్రువుని సంహరించినవారికి, శత్రువు ఒక్కింటికి పదిహేను రోజులు యుద్ధసెలవు ఇవ్వాలి. సెలవు ఇవ్వకపోతే శత్రువు లేనట్టు అర్థం వస్తుంది. శత్రువు లేకపోతే లక్షన్నర ఉండదు."

"తాళాలు ఎవరి దగ్గరున్నాయి?" అన్నారు వైకుంఠరావుగారు.

"నాయుడి దగ్గరేనండి. మొదట్నుంచీ తుపాకీ బాధ్యత ఆయనదేనని అఫిడవిట్టు ఉంది. కాబట్టి ఇరవై నాలుగూ ఆయన లెక్కలోకే వస్తాయి."

"1917లోవి కూడానా? అప్పటికి ఇతను పుట్టలేదు కదా!"

"ఆ మాటకొస్తే అప్పటికి తుపాకీ కూడా పుట్టలేదండీ," అనేశాడు డాక్టర్ త్రిలోచన్ పరధ్యానంగా. వెంటనే నాలిక కరుచుకుని నా వైపు తిరిగాడు. "అది మినిట్స్‌లో రాయకండి."

"రాయనండి. సెలవు సంగతి రాయనా?"

ఆయన భూతద్దంలోంచి నన్ను చూశాడు. "రాయండి," అన్నాడు నీరసంగా.

ఇరవై నాలుగు పదిహేన్లు మూడువందల అరవై. పంచాంగం చూశాను. వచ్చే ఏడాది దసరా మూడువందల యాభై నాలుగో రోజున పడుతోంది. సిరిమాను ఆ తర్వాతి మంగళవారం, అది చేజారేలా ఉంది. రాకపోకలకి మరో ఎనిమిది రోజులు కలిపాను. వైకుంఠరావుగారు సంతకం పెట్టేటప్పుడు తన పేరు కింద హోదా సరిగా ఉందో లేదో మాత్రమే చూస్తారు.

ఆర్డరు ఈసారి నేనే పట్టుకెళ్లాను. దాలినాయుడు వరండాలో నిలబడి రెండుసార్లు చదివాడు.

"ఎవుల్ని సంపీసేనని బాబూ నాకింత సెలవు?"

"పండగల్ని," అన్నాను. "ఇంక చంపకు. తాళాలు నాకిచ్చి బస్సెక్కు, ఈ మంగళవారం సిరిమానుకే అందుకుంటావు."

సన్యాసమ్మ లోపల్నుంచి పెట్టె పట్టుకొచ్చింది. అది విప్పనే లేదట. నన్ను చూసి, "మీరు కూడా రండి బాబూ మా ఊరు, సిరిమాను సూద్దురుగాని," అంది. వస్తాననలేదు, సెలవు దొరకదు నాకు.

తాళాలు ఏడాదిపాటు నా దగ్గరే ఉన్నాయి. మళ్లీ దసరా వచ్చింది. దాలినాయుడి ఉద్యోగం సెలవులోనే చెల్లిపోయింది. పూజ భూషణంగారే కానిచ్చారు. మర్నాడు కమిటీ సమావేశమైంది. డాక్టర్ త్రిలోచన్ గాట్లు మూడుసార్లు లెక్కపెట్టాడు. కర్రని ఎండలోకి తెచ్చి కూడా చూశాడు. ఇరవై నాలుగే ఉన్నాయి. కొత్తగా ఎవరూ చావనందుకు అందరూ కొంచెం దిగులుగానే ఉన్నారు.

"ఏమని రాసుకోవాలండి?" అన్నాను.

వైకుంఠరావుగారు ఆలోచించి చెప్పారు. ఆయన చెప్పింది ఒక్క అక్షరం మార్చకుండా రాశాను. "ఈ సంవత్సరం దసరాకు కొత్త గాటు ఏదియు పడలేదు. కావున యుద్ధము ముగిసినట్లు కమిటీ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."